మీకు తెలుసా? ఎల్ల దాటితే చెల్లని బిళ్ల

నిజాం ఏలుబడిలోని హైదరాబాద్ సంస్థానం 1869లోనే సొంత తపాలా బిళ్లలు వేసింది. అయితే అవి సంస్థానం లోపలే చెల్లేవి. ఉత్తరం ఎల్ల దాటాలంటే బ్రిటిష్ ఇండియా బిళ్ల అంటించాల్సిందే!

అలా ఎల్ల దాటి బొంబాయి నుంచి సీమకు (ఇంగ్లండుకు) వెళ్లే టపాను పి అండ్ ఓ కంపెనీ స్టీమర్లు మోసేవి. అక్కడి నుంచి అమెరికాకైతే మరో ఓడ ఎక్కాలి. లివర్‌పూల్ నుంచి అట్లాంటిక్ మీదుగా క్యూనార్డ్ స్టీమర్లు 1840 నుంచే టపా చేరవేశాయి.

పాత ఉత్తరాలు సేకరించేవారికి విడి బిళ్ల కన్నా కవరే ముద్దు. దారి పొడవునా పడ్డ ముద్రలు, తేదీలే దాని ప్రయాణ కథ చెబుతాయి. మీ తాతగారి పెట్టెలో పాత కవరు దొరికితే బిళ్ల మాత్రం ఊడదీయకండి!