గదిలో గది

హైదరాబాదు నుంచి ముంబయి వెళ్ళే రోడ్డు మీద రామచంద్రాపురం, పటాన్‌చెరు, సంగారెడ్డి వరుసగా వస్తాయి. 1960లలో రామచంద్రాపురంలో బి.హెచ్.ఇ.ఎల్. కర్మాగారం వెలిసింది. తరువాత చుట్టుపక్కల ఎన్నో ఫ్యాక్టరీలు వచ్చాయి. పని కోసం ఎక్కడెక్కడి కుటుంబాలో వచ్చి చేరాయి. మనుషులు పెరిగితే గదులు చాలవు కదా! రాత్రి షిఫ్టు చేసి వచ్చిన నాన్న పగలు నిద్రపోవాలి. అమ్మాయి పాఠం పైకి చదువుకోవాలి. అందుచేత ఒక గది రెండు గదులు కావాలి.

మధ్యలో అడ్డుగోడ పెడితే సరిపోతుంది. కింది ఇంట్లో, గట్టి నేల మీద, ఇది పెద్ద పని కాదు. కాని అది దూలాల మీద చెక్కలు పరిచిన పాతకాలపు మేడగది అయితే? అప్పుడు ముందుగా ఒక లెక్క చెయ్యాలి.

గోడ పొడవు 10 అడుగులు, ఎత్తు 8 అడుగులు, మందం 4 అంగుళాలు అనుకుందాం. ఇటికెలతో కడితే అది సుమారు 1,400 కిలోలు తూగుతుంది. అంటే ఇరవైమంది పెద్దవాళ్ళు ఒకే వరుసలో నిలబడి, రాత్రింబగళ్ళు కదలకుండా ఉన్నట్టే! అదే గోడను కర్రచట్రం కట్టి, రెండువైపులా జిప్సం బోర్డు బిగిస్తే, బరువు 200 కిలోలకు అటూ ఇటూగా ఉంటుంది. మన పెద్దలు గదుల మధ్య వెదురు తడికలు కట్టి మట్టి మెత్తేవారు. జపాను ఇళ్ళలో కాగితం అతికించిన జరుపుడు తలుపులే అడ్డుగోడలు. అన్నిటి కిటుకూ తేలికదనమే.

ఇక గోడ ఎక్కడ నిలబెట్టాలి? పిల్లలూ, రెండు పుస్తకాలను జానెడు దూరంలో పెట్టి, వాటి మీద పలచని స్కేలు వంతెనలా వెయ్యండి. పుస్తకానికి సరిగ్గా పైన నాణేల దొంతర పెడితే స్కేలు వంగదు. నడిమధ్య పెడితే వంగుతుంది. పుస్తకాలు దూలాలు, స్కేలు నేలచెక్క, నాణేలు గోడ అన్నమాట. గోడ దూలాలకు అడ్డంగా పోతే అన్ని దూలాలూ బరువు పంచుకుంటాయి. దూలం వెంబడే పోతే సరిగ్గా దాని మీదే నిలబెట్టాలి. రెండు దూలాల నడుమ పడితే, కింద ఆ రెంటినీ కలుపుతూ అడ్డకర్రలు బిగించాలి.

దూలం ఎక్కడున్నదో పైనుంచే తెలుసుకోవచ్చు. చెక్కల మీద మేకుల వరుస ఉన్న చోటే దూలం. వేలితో తట్టినా తెలుస్తుంది: దూలం మీద మోత మందంగా, నడుమ బోలుగా ఉంటుంది. అయితే దూలానికి చెదలు పట్టిందేమో కిందినుంచి చూడకుండా పని మొదలుపెట్టకూడదు.

చట్రంలో నిలువు కర్రలు రెండడుగుల ఎడంలో ఉంటాయి. దారానికి గుండు కట్టి వేలాడదీస్తే అవి నిటారుగా ఉన్నవో లేవో తెలుస్తుంది. పైన కప్పుకూ చట్రానికీ మధ్య అర అంగుళం సందు వదలాలి. వానాకాలంలో చెక్క ఉబ్బుతుంది. నడిస్తే నేల కాస్త వంగుతుంది. సందు లేకపోతే, కప్పు కొంచెం దిగినా దాని బరువు గోడ మీదుగా చెక్కనేల మీద పడుతుంది. గోడ పడిపోకుండా పైన రెండువైపులా బద్దలు కొడితే, సందు కూడా కనిపించదు.

ఒక ముఖ్యమైన హెచ్చరిక. ఊరికే దొరికినవి కదా అని పాత సిమెంటు రేకులను కోసి అడ్డుగోడకు వాడకూడదు. వాటిలో రాతినార, అంటే ఆస్‌బెస్టాస్, ఉండవచ్చు. కోసినా, బెజ్జం వేసినా, దాని సన్నని పొడి ఊపిరితిత్తులలో చేరి, ఎన్నో ఏళ్ళ తరువాత క్యాన్సరు తెచ్చిపెట్టగలదు.

అడ్డుగోడ ఇంటి బరువు మొయ్యదు. కాని దాన్ని మోసేది మాత్రం ఏదో ఒకటి ఉండాలి. మీ ఇంట్లో ఇటువంటి పని జరిగితే, వడ్రంగి మేస్త్రీని ముందుగా ఈ ప్రశ్న అడగండి: "ఈ గోడ కింద దూలం ఎక్కడుంది?"