సెల్లు చెడిపోయిందని చెబుతున్నారా?

నాలుగేళ్ళవాడు సెల్‌ఫోను కోసం పేచీ పెడితే మనలో చాలామందిమి "చెడిపోయిందిరా, బూచాడెత్తుకుపోయాడు" అనేస్తాం. పేచీ తీరుతుంది. కాసేపటికి అదే ఫోనులో మనం కబుర్లాడుతుంటే వాడు గుమ్మంలో నుంచుని చూస్తాడు. నాలుగేళ్ళు పోయాక, పాఠం చదువుతున్నానని చెప్పి దుప్పట్లో ఆటలాడతాడు. ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా?

ఇది ఉత్త సామెత కాదండీ. అమెరికాలో 2014లో ప్రకటించిన ఒక పరిశోధనలో, పెద్దలు తమతో అబద్ధమాడారని తెలిసిన బడియీడు పిల్లలు, వద్దన్న బొమ్మను తొంగిచూడడం, చూడలేదని బొంకడం ఎక్కువని తేలింది.

తెర సంగతీ చూడండి. న్యూజీలాండులోని డునెడిన్‌లో 1972-73లో పుట్టిన సుమారు వెయ్యిమందిని పెద్దయ్యేదాకా గమనించారు. చిన్నప్పుడు టీవీ ఎక్కువ చూసినవాళ్ళలో 26 ఏళ్ళకు ఒళ్ళు పెరగడం, పొగతాగడం ఎక్కువ, చదువు తక్కువ. దానికి టీవీ ఒక్కటే కారణమనలేం గానీ, జాగ్రత్త పడాలి కదా!

మన పిల్లల వైద్యుల సంఘం, ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్, 2021లో ఇచ్చిన సలహా ఇది: రెండేళ్ళలోపు తెర వద్దు, అయిదేళ్ళదాకా రోజుకి గంట మించకూడదు. ఆ మాటే పిల్లవాడికి ఉన్నదున్నట్టు చెప్పండి. "ఫోను బాగానే ఉంది నాన్నా, నీ గంట అయిపోయింది, ఇవ్వను" అనండి. ఏడిస్తే ఏడవనివ్వండి. దొంగతనంగా చూశానని వాడే ఒప్పుకున్నరోజున మాత్రం చెయ్యి చేసుకోకండి. దెబ్బలకు జడిసినవాడు చూడడం మానడు, మనతో చెప్పడం మానేస్తాడు. రేపు పదహారో ఏట ఆ ఫోనులో ఎవరైనా బెదిరిస్తే, ముందు అమ్మతో చెప్పాలనే ధైర్యం వాడికి ఉండాలి కదా!