బ్రామలీ–గోర్–మాల్టన్ శాసనసభ నియోజకవర్గము

బ్రామలీ–గోర్–మాల్టన్ కెనడా దేశములోని ఒంటారియో ప్రావిన్సు శాసనసభకు చెందిన పూర్వ నియోజకవర్గము. ప్రావిన్సు అనగా భారతదేశములోని రాష్ట్రము వంటిది. నియోజకవర్గమును అక్కడ వాడుకలో రైడింగ్ అంటారు. టొరంటోకు వాయవ్యముననున్న శివారు ప్రాంతములతో ఏర్పడిన ఈ స్థానము 1999 నుండి 2018 వరకు ఉన్నది. ఆ కాలములో జరిగిన ఐదు సార్వత్రిక ఎన్నికలలో మూడు ప్రధాన పక్షములూ ఇక్కడ గెలుపొందినవి.

ప్రాంతము

బ్రామలీ 1950వ దశకము చివరినుండి పొలములలో ప్రణాళిక ప్రకారము కట్టిన ఉపనగరము. ఇక్కడ ఒక్కొక్క భాగములోని వీధుల పేర్లన్నియు ఒకే అక్షరముతో మొదలగుట విశేషము. గోర్ అనునది టొరంటో గోర్ అను పాత టౌన్‌షిప్ పేరు. పియర్సన్ విమానాశ్రయమును ఆనుకొనియున్న మాల్టన్, 1959లో రద్దయిన ఏవ్రో ఆరో యుద్ధవిమానము తయారైన చోటు. 1974 పునర్వ్యవస్థీకరణలో బ్రామలీ బ్రాంప్టన్ నగరములో కలిసినది; మాల్టన్ మిసిసాగాలో భాగము. కావున ఒకే నియోజకవర్గపు ఓటర్లు రెండు వేర్వేరు నగరపాలక సంస్థల క్రింద ఉండెడివారు.

ఎన్నికల చరిత్ర

1996 నాటి చట్టము ఒంటారియో శాసనసభ స్థానములను 130 నుండి 103కు తగ్గించి, వాటి హద్దులను కెనడా పార్లమెంటు నియోజకవర్గములతో సమానము చేసినది. అట్లు ఏర్పడిన ఈ స్థానమునకు 2007 వరకు బ్రామలీ–గోర్–మాల్టన్–స్ప్రింగ్‌డేల్ అని పేరు. 1999లో ప్రోగ్రెసివ్ కన్సర్వేటివ్ అభ్యర్థి రామిందర్ గిల్, 2003లోను 2007లోను లిబరల్ అభ్యర్థి కుల్దీప్ కులార్ గెలిచిరి. మూడు సార్లూ ఇక్కడ గెలిచిన పక్షమే ప్రావిన్సులోనూ అధికారము పొందినది.

2011 సంవత్సరము ఈ స్థానపు చరిత్రలో ముఖ్యమైనది. మే 2న జరిగిన పార్లమెంటు ఎన్నికలలో న్యూ డెమోక్రటిక్ పార్టీ అభ్యర్థి జగ్మీత్ సింగ్, కన్సర్వేటివ్ అభ్యర్థి బల్ గోసల్ చేతిలో 539 ఓట్లతో ఓడెను. 1993 నుండి సభ్యుడుగానున్న లిబరల్ నాయకుడు గుర్బక్ష్ సింగ్ మల్హీ మూడవ స్థానమునకు దిగెను. విజేతకు వచ్చినవి మూడవ వంతుకు కొంచెము ఎక్కువ ఓట్లు మాత్రమే. ఐదు నెలల తరువాత అక్టోబరు 6న, అవే హద్దులలో జరిగిన శాసనసభ ఎన్నికలలో జగ్మీత్ సింగ్ కులార్‌ను ఓడించి, పీల్ ప్రాంతమునుండి ఆ పార్టీకి తొలి శాసనసభ్యుడయ్యెను. ఒంటారియో శాసనసభలో తలపాగా ధరించిన మొదటి సిక్కు సభ్యుడును ఆయనే. 2014లో మరల గెలిచెను.

పంజాబీ ఓట్లే ఇక్కడి ఫలితములను నిర్ణయించినవని తరచు అంటారు. అయితే మే 2011లో మొదటి మూడు స్థానములలో నిలిచిన అభ్యర్థులు ముగ్గురూ పంజాబీ మూలములు గలవారే. కావున ఆ మాట గెలుపోటములను వివరింపజాలదు. ఓట్లు మూడుగా చీలుట, ఎక్కువ ఓట్లు వచ్చినవారే గెలుచు పద్ధతి అంతకంటె బలమైన కారణములు. ఈ పద్ధతిని మార్చుటకై 2007లో ఒంటారియోలో ప్రజాభిప్రాయ సేకరణ జరుగగా, 60 శాతమునకు పైగా ఓటర్లు పాతదానినే కోరిరి.

రద్దు

2017 అక్టోబరులో జగ్మీత్ సింగ్ జాతీయ స్థాయిలో తన పార్టీకి నాయకుడై శాసనసభకు రాజీనామా చేసెను. 2018 ఎన్నికల వరకు స్థానము ఖాళీగానే ఉండి, ఆపై రద్దయినది. దీని భూభాగములో అధికభాగము బ్రాంప్టన్ ఈస్ట్, బ్రాంప్టన్ సెంటర్, మిసిసాగా–మాల్టన్ నియోజకవర్గములకు పోయినది. బ్రాంప్టన్ ఈస్ట్‌లో 2018న జగ్మీత్ సోదరుడు గుర్రతన్ సింగ్ గెలిచి, 2022లో ప్రోగ్రెసివ్ కన్సర్వేటివ్ అభ్యర్థి హర్దీప్ గ్రెవాల్ చేతిలో ఓడిపోయెను.