ట్రాక్టరు టాకోమీటరు మార్పిడి – ఇంజిను గంటల లెక్కను కాపాడుకునే పద్ధతి

మంగళగిరి పరిసరాల నుంచి గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడి మైదానాల వరకు పత్తి, మిరప సాగులో ట్రాక్టరు ప్రధాన శక్తి వనరుగా మారింది. వేసవి దుక్కి, రోటవేటరుతో నేల తయారీ, మిరపలో మందు పిచికారీ, కోసిన కాయను గుంటూరు మిర్చి యార్డుకు చేర్చడం వంటి పనులన్నీ ఒకే ఇంజినుపై ఆధారపడి సాగుతున్నాయి. ఆ ఇంజిను ఎంత వేగంతో తిరుగుతున్నదో, మొత్తం ఎన్ని గంటలు పని చేసిందో తెలిపే పరికరమే టాకోమీటరు. మెకానిక్కులు దీనిని ఆర్‌పీఎం మీటరు అంటారు. చాలా ట్రాక్టర్లలో గంటల లెక్క కూడా ఇదే డయలులో ఉంటుంది. అందుచేత టాకోమీటరు చెడితే వేగం, గంటలు రెండూ ఒకేసారి తెలియకుండా పోతాయి. కొత్తది బిగించినప్పుడు ముల్లు తిరిగి పని చేస్తుంది కాని, గంటల అంకె మళ్ళీ సున్న నుంచి మొదలవుతుంది. పాత లెక్కను అనుసంధానించుకోకపోతే ఇంజిను చరిత్ర అక్కడితో తెగిపోతుంది. నిజాంపట్నం వంటి తీరప్రాంతాల మరపడవల డీజిలు ఇంజిన్లకు కూడా ఇదే సూత్రం వర్తిస్తుంది.

రెండు రకాల గంటలు

యాంత్రిక టాకోమీటరుకు చలనం ఇంజిను నుంచి కేబులు ద్వారా అందుతుంది. ఇందులోని గంటల యంత్రం నిజానికి కాలాన్ని కొలవదు. ఇంజిను భ్రమణాలను లెక్కించి, ఒక నిర్ణీత వేగం ఆధారంగా గంటలుగా చూపుతుంది. ఆ వేగం నిమిషానికి 1500 భ్రమణాలు అనుకుందాం. ఇంజిను 1000 భ్రమణాల వేగంతో మూడు గంటలు నడిస్తే మీటరులో రెండు గంటలే నమోదవుతాయి. అదే 2000 భ్రమణాల వేగంతో మూడు గంటలు నడిస్తే నాలుగు గంటలు నమోదవుతాయి.

విద్యుత్ గంటల మీటరు గడియారం వలె పని చేస్తుంది. దానికి విద్యుత్తు అందినంతసేపు, ఇంజిను వేగంతో నిమిత్తం లేకుండా, కాలం నమోదవుతూనే ఉంటుంది. మిర్చి యార్డు వద్ద వరుసలో నిలిచి, ఐడ్లింగులో రెండు గంటలు నడిచిన ఇంజినుకు యాంత్రిక మీటరు సుమారు ఒక గంటనే చూపగా, విద్యుత్ మీటరు రెండు గంటలూ చూపుతుంది. కాబట్టి ఒక రకం మీటరు స్థానంలో మరొక రకాన్ని అమర్చినప్పుడు ‘గంట’ అనే కొలమానమే మారిపోతుందని గుర్తించాలి.

మార్చే ముందు పరీక్ష

ముల్లు కదలనంత మాత్రాన మీటరు చెడిందని నిర్ణయించరాదు. ఇంజినును ఆపి, మీటరు వెనుక నుంచి కేబులును విడదీసి, స్టార్టరుతో ఇంజినును కొద్దిగా తిప్పి చూడాలి. కేబులు లోపలి తీగ తిరగకపోతే తీగ తెగి అయినా ఉండాలి, చలనాన్నిచ్చే గేరు అరిగి అయినా ఉండాలి. తీగ తిరుగుతున్నా ముల్లు కదలకపోతేనే దోషం మీటరులో ఉన్నట్లు. ముల్లు వణుకుతూ ఉంటే కేబులు పొడిబారిందని గాని, ఎక్కడో గట్టిగా వంగిందని గాని భావించవచ్చు.

విద్యుత్ టాకోమీటర్లలో కొన్నింటికి సంకేతం ఆల్టర్నేటరు నుంచి వస్తుంది. ఇక్కడ తీగల సంధులు, ఎర్తు, బెల్టు బిగువు ముందుగా చూడాలి. బెల్టు 5 శాతం జారితే, 1800 భ్రమణాల వేగంతో తిరిగే ఇంజినుకు మీటరు 1710 మాత్రమే చూపుతుంది.

మార్చే క్రమం

1. పాత మీటరులోని చివరి గంటల అంకెను, తేదీని, ఇంజిను నంబరును రిజిస్టరులో రాసి, డయలు ఫోటో తీయాలి.

2. బ్యాటరీ నెగటివ్ తీగను తొలగించాలి.

3. అదే మోడలుకు సరిపోయే మీటరును ఎంచుకోవాలి. కేబులు చలన నిష్పత్తి, తిరిగే దిశ, పీటీఓ 540 గుర్తు ఉన్న స్థానం ఒక్కో మోడలుకు ఒక్కో విధంగా ఉంటాయి. చూడడానికి ఒకేలా ఉన్నంత మాత్రాన ఒకదాని బదులు మరొకటి పనికిరాదు.

4. కేబులు లోపలి తీగకు పలుచగా గ్రీజు రాయాలి. మీటరు వైపు కొన భాగాన్ని పొడిగా వదలాలి. లేకుంటే గ్రీజు మీటరులోకి చేరుతుంది. కేబులును ఎక్కడా గట్టిగా వంచరాదు.

5. విద్యుత్ గంటల మీటరుకు ఇంజిను నడుస్తున్నప్పుడు మాత్రమే విద్యుత్తు అందే విధంగా, ఆయిలు ఒత్తిడి స్విచ్చి ద్వారా గాని ఆల్టర్నేటరు ఛార్జింగు ఆధారంగా గాని కలపాలి. నేరుగా తాళం స్విచ్చికి కలిపితే ఇంజిను ఆగి ఉన్నా, తాళం తెరిచి ఉన్నంతసేపు గంటలు పెరుగుతూనే ఉంటాయి.

సరిచూసే విధానం

ఆల్టర్నేటరు ఆధారిత మీటరుకు ఒక ఇంజిను భ్రమణానికి ఎన్ని సంకేతాలు వస్తాయో ముందుగా నిర్దేశించాలి. 12 ధ్రువాల ఆల్టర్నేటరులో 6 ధ్రువాల జతలు ఉంటాయి. ఇంజిను ఒకసారి తిరిగేలోగా ఆల్టర్నేటరు 2.5 సార్లు తిరిగితే, 6 × 2.5 = 15 సంకేతాలు వస్తాయి. ఆల్టర్నేటరును గాని దాని పుల్లీని గాని మార్చినప్పుడు ఈ విలువను మళ్ళీ సరిచూడాలి.

బిగింపు పూర్తయిన తరువాత క్రాంకుషాఫ్టు పుల్లీపై కాంతిని ప్రతిఫలించే పట్టీ అంటించి, చేతిలో ఇమిడే ఆప్టికల్ టాకోమీటరుతో ఐడ్లింగు, మధ్యస్థ, గరిష్ఠ వేగాల వద్ద రెండు అంకెలనూ పోల్చాలి. కండువా, వదులు దుస్తులు ధరించి తిరిగే భాగాల దగ్గరకు పోరాదు.

ఈ పరీక్ష ప్రాధాన్యం పిచికారీలో స్పష్టమవుతుంది. మీటరు పీటీఓ 540 వద్ద ఉన్నట్లు చూపుతున్నా, ఇంజిను వాస్తవంగా 10 శాతం తక్కువ వేగంతో తిరుగుతున్నదనుకుందాం. అదే గేరులో ట్రాక్టరు నడక కూడా 10 శాతం తగ్గుతుంది. ఒత్తిడి నియంత్రకం వల్ల నాజిళ్ళ నుంచి వచ్చే ద్రావణం మాత్రం దాదాపు మారదు. ఫలితంగా ఎకరాకు 200 లీటర్లు పడవలసిన చోట సుమారు 222 లీటర్లు పడుతుంది. 2021లో నల్ల తామరపురుగు మిరప తోటలను దెబ్బతీసిన నాటి నుంచి పిచికారీ ఖర్చుపై రైతుకు శ్రద్ధ పెరిగింది. అటువంటప్పుడు ఈ 11 శాతం అదనపు మందు చిన్న విషయం కాదు.

గంటల లెక్కను కలపడం

మార్పిడి తరువాత మొత్తం గంటలను ఈ విధంగా లెక్కించాలి: పాత మీటరు చివరి అంకె + కొత్త మీటరు ప్రస్తుత అంకె − కొత్త మీటరు ప్రారంభ అంకె. పాత మీటరు 3,420 వద్ద ఆగి, 2 వద్ద ప్రారంభమైన కొత్త మీటరు నేడు 152 చూపుతుంటే, మొత్తం 3,570 గంటలు.

మీటరు చెడి, కొత్తది బిగించేలోగా నడిచిన గంటలను డీజిలు ఖర్చు నుంచి అంచనా వేయవచ్చు. అంతకు ముందు 200 గంటల పనికి 800 లీటర్లు ఖర్చయి ఉంటే గంటకు 4 లీటర్లు. మీటరు లేని కాలంలో 150 లీటర్లు ఖర్చయితే 37.5 గంటలు. ఈ అంకెను మొత్తానికి చేర్చి, పక్కన ‘అంచనా’ అని తప్పక రాయాలి. దుక్కికి, రవాణాకు డీజిలు వినియోగం వేరు కాబట్టి, అదే రకం పనుల సగటును తీసుకోవడం మేలు.

మీటరు రకం మారితే ఒక గుణకం అవసరమవుతుంది. పాత మీటరు పని చేస్తున్న రోజులలో గడియారం ప్రకారం 40 గంటల పనికి అది 46 గంటలు చూపినట్లు రికార్డు ఉంటే, గుణకం 46 ÷ 40 = 1.15. ఇంజిను ఆయిలు మార్పిడి పాత మీటరు ప్రకారం 250 గంటలకు నిర్దేశించబడి ఉంటే, కొత్త గడియార మీటరుపై సుమారు 217 గంటలకే చేయాలి. లేకుంటే ప్రతిసారీ ఆయిలు ఆలస్యంగా మారి, నష్టం కంటికి కనిపించకుండా పేరుకుపోతుంది. ఇంజిను అరుగుదలకు భ్రమణాల ఆధారిత గంట దగ్గరి సూచిక. అద్దె లెక్కకు గడియారపు గంట న్యాయమైనది. రిజిస్టరులో ఏ గంట రాస్తున్నామో పేర్కొనడం అందుకే ముఖ్యం.

ఆర్థిక ప్రాధాన్యం

వ్యవసాయ యాంత్రీకరణ ఉపమిషన్ 2014–15లో ప్రారంభమైన తరువాత యంత్రాల అద్దె కేంద్రాలకు ప్రోత్సాహం పెరిగింది. అద్దెను నిర్ణయించడానికి తరుగుదల లెక్క అవసరం. ఉదాహరణకు ₹8,00,000 ధర గల ట్రాక్టరుకు 10 ఏళ్ళ ఆయుర్దాయం, 10 శాతం మిగులు విలువ అనుకుంటే మొత్తం తరుగుదల ₹7,20,000. ఏడాదికి 1,000 గంటలు పని చేస్తే గంటకు ₹72, 500 గంటలే పని చేస్తే గంటకు ₹144. గంటల లెక్క తప్పితే అద్దె నిర్ణయం కూడా తప్పుతుంది. కేంద్రం నష్టపోవడమో, చిన్న రైతు అధికంగా చెల్లించడమో జరుగుతుంది. సెకండ్ హ్యాండ్ ట్రాక్టరు కొనే రైతుకు కూడా మీటరు మార్పిడి రికార్డు ఒక్కటే నమ్మదగిన ఆధారం.

విస్తరణ శాస్త్రవేత్తలు యంత్రాల అద్దె కేంద్రాలను సందర్శించినప్పుడు ప్రతి ట్రాక్టరుకు ఒక రిజిస్టరు ఉన్నదో లేదో పరిశీలించాలి. అందులో తేదీ, పని, మీటరు ప్రారంభ, ముగింపు అంకెలు, డీజిలు, సర్వీసు వివరాలు ఉండాలి. మీటరు మార్చిన రోజు వివరాలను ఎర్ర సిరాతో రాసి, యజమాని, మెకానిక్కు సంతకాలు చేయాలి. క్షేత్ర ప్రయోగాలలో గంటల సమాచారం సేకరించే విద్యార్థులు మీటరు రకాన్ని, గుణకాన్ని తమ పట్టికలలో చేర్చితేనే ఒక ట్రాక్టరు ఫలితాలను మరొకదానితో పోల్చడం సాధ్యమవుతుంది.