మొండి నట్టు - బ్యాటరీ రెంచి

కారు చక్రము పంక్చరైనపుడు జాకీతో బండి నెత్తుటయు, స్టెప్నీ మార్చుటయు పెద్ద పనులు కావు. కష్టమంతయు నట్టులు విప్పుటలోనే ఉన్నది. రెండేండ్ల క్రిందట ఒక రాత్రి కుటుంబముతో ప్రయాణము చేయుచుండగా నా కీ సంగతి బాగుగా తెలిసివచ్చినది. నాలుగు నట్టులలో మూడు ఊడివచ్చినవి. నాలుగవదానిని విప్పుటకు కారుతో ఇచ్చిన పొట్టి స్పానరుపై నిలబడి త్రొక్కినను అది కదలలేదు. ప్రక్కనుండి లారీలు దూసుకొని పోవుచుండ, పిల్లలతో ఆ చీకటిలో రోడ్డు అంచున గంటసేపు గడపవలసివచ్చినది. తుద కొక లారీ డ్రైవరు ఇనుప గొట్ట మొకటి తెచ్చి స్పానరు కాడకు తొడిగి, ఒక్క ఊపున నట్టును విప్పెను. అంతకు వారము ముందే ఒక టైర్ల దుకాణములో ఆ చక్రమును గాలితో నడచు రెంచితో బిగించియుండిరి.

తరువాత బ్యాటరీతో పనిచేయు ఇంపాక్టు రెంచి కొనవలెనని బజారునకు పోయితిని. పెట్టెలపై 300, 600, 1000 న్యూటన్-మీటర్లు అని అంకెలున్నవి. అంకె పెరిగినకొలది వెలయు పెరుగుచున్నది. వీటిలో మనకు కావలసిన దేది?

స్పానరుపై మనము ప్రయోగించు బలమును, నట్టు కేంద్రమునుండి మన చేతికి గల దూరముతో గుణించిన వచ్చునదే టార్కు. సాధారణమైన చిన్న కార్లలో చక్రపు నట్టును 80 నుండి 120 న్యూటన్-మీటర్ల టార్కుతో బిగించవలెనని తయారీదారులు చెప్పుదురు. సరియైన అంకె ఆయా బండితో వచ్చు పుస్తకములో ఉండును. 110 అనుకొందము. కాడ పొడవు 25 సెంటీమీటర్లైనచో 440 న్యూటన్ల బలము, అనగా సుమారు 45 కిలోల బరువు కావలెను. తుప్పు పట్టుటచేతనో, అతిగా బిగించుటచేతనో అది రెట్టింపైనచో 90 కిలోలు కావలెను. నా బరువు అంత లేదు! గొట్టము తొడిగి కాడ పొడవును రెట్టింపు చేయగానే అవసరమగు బలము సగమైనది. లారీ డ్రైవరు చేసినది అదియే.

ఈ టార్కులో దాదాపు తొమ్మిది పాళ్లు నట్టు అడుగునను, మరల నడుమను ఉండు ఘర్షణకే సరిపోవును. మిగిలిన ఒక పాలు స్టడ్డును రవంత సాగదీయును. ఆ కొంచెపు సాగుడే 12 మిల్లీమీటర్ల స్టడ్డులో సుమారు నాలుగున్నర టన్నుల బరువుకు సమానమగు బిగింపును కలిగించును. చక్రము హబ్బునకు ఒత్తుకొని, ఆ రెంటి నడుమ గల ఘర్షణచేత నిలిచియుండుట ఈ బిగింపు వలననే.

ఇపుడు శక్తిని లెక్కింతము. నట్టును పావు చుట్టు త్రిప్పునంతవరకు 110 న్యూటన్-మీటర్ల టార్కు అవసరమేయనుకొన్నను, వ్యయమగు శక్తి 173 జౌళ్లు మాత్రమే. 18 వోల్టులు, 4 ఆంపియర్-గంటల బ్యాటరీలో 2,59,200 జౌళ్లు నిలువయుండును. కాబట్టి శక్తికి కొదువ లేదు. చిక్కంతయు టార్కుతోనే. చేతి డ్రిల్లు వంటి యంత్రము నట్టుపై నిలకడగా 110 న్యూటన్-మీటర్లు ప్రయోగించినచో, న్యూటను మూడవ సూత్రము ననుసరించి అంతటి టార్కు మన మణికట్టుపై ఎదురు తిరుగును. మణికట్టు నిలువదు.

ఈ చిక్కును సుత్తి తీర్చినది. మేకును బొటనవ్రేలితో ఎంత నొక్కినను చెక్కలోనికి దిగదు. అర కిలో సుత్తి సెకండుకు 4 మీటర్ల వేగముతో వచ్చి, సెకండులో వేయింట రెండు వంతుల కాలములో ఆగినచో, మేకుపై సగటున 1000 న్యూటన్ల బలము పడును. చేయి మెల్లగా కూడబెట్టిన ద్రవ్యవేగమును సుత్తి ఒక్క క్షణములో వెచ్చించినది.

ఇంపాక్టు రెంచి లోపల ఇట్టి సుత్తియే గుండ్రముగా తిరుగును. మోటారు, పండ్ల చక్రముల ద్వారా ఇనుప సుత్తి నొకదానిని త్రిప్పును. దాని ముందు దాగలి, దాగలి కొనకు సాకెట్టు ఉండును. నట్టు తేలికగా తిరుగునంతవరకు రెండును కలసియే తిరుగును. నట్టు మొరాయించినపుడు సుత్తి, ఏటవాలు గాడులలోని గుండ్ల సాయమున వెనుకకు జరిగి, స్ప్రింగును అదిమి, దాగలి పంటిని దాటును. వెంటనే స్ప్రింగు దానిని ముందుకు తన్నును. సుత్తి వేగముగా తిరిగి తరువాతి పంటిని కొట్టును. ఇట్టి దెబ్బలు నిమిషమునకు రెండు మూడు వేలు పడును. నిమిషమునకు 3000 దెబ్బలనగా ఒక్కొక్క దెబ్బకు 20 మిల్లీసెకండుల వ్యవధి. సుత్తికి అందు టార్కు 10 న్యూటన్-మీటర్లని, ఆ 20 మిల్లీసెకండులలో చేరినదంతయు ఒక్క మిల్లీసెకండులో వెచ్చమైనదని అనుకొందము. అపుడు నట్టుపై 200 న్యూటన్-మీటర్లు పడును. మన చేతికి తగులునది మాత్రము ఆ పది చొప్పుననే. బరువు తెలియని అంతరిక్షములో ఈ ఎదురు త్రిప్పు వ్యోమగామినే గిరగిర త్రిప్పగలదు. అందుచేతనే 1960 దశకములో అమెరికా జెమినీ యాత్రల కొరకు ప్రత్యేకముగా ఒక బ్యాటరీ రెంచిని రూపొందించిరి.

ఇక ఎన్నిక. పెట్టెపై రెండంకెలున్నచో పెద్దది విప్పుటకు, చిన్నది బిగించుటకు సంబంధించినది. బ్యాటరీ నిండుగా ఉండి, పరికరములన్నియు అనుకూలించినపుడు వచ్చు అంకెలవి. సాకెట్టు వదులుగా ఉన్నను, నడుమ పొడవు కడ్డీ తగిలించినను దెబ్బలో కొంత వృథాయగును. కనుక కావలసిన టార్కునకు మూడింతలు, అనగా 300 నుండి 400 వరకు విప్పగల రెంచి చిన్న కారునకు చాలును. 1000 న్యూటన్-మీటర్లది లారీ పనివానికి తగును. మనకది అనవసరపు బరువు, అనవసరపు ప్రమాదము. సాకెట్టు తగిలించు చదరపు కొన అర అంగుళముది కావలెను.

18 వోల్టులని ఒకరు, 20 వోల్టులని మరొకరు వ్రాసినది చూచి మోసపోరాదు. రెంటిలోను ఉండునవి ఐదు లిథియం-అయాన్ ఘటముల వరుసలే. ఒక్కొక్కటి 3.6 వోల్టులు చొప్పున 18. నిండుగా చార్జి చేసిన వెంటనే 20 దాటును. అంతకన్న ఆంపియర్-గంటలు చూచుట మేలు. సమాంతరముగా కలిపిన ఘటము లెక్కువగా ఉన్న బ్యాటరీ, పెద్ద విద్యుత్తు లాగినపుడు వోల్టేజిని అంతగా కోల్పోదు. మన వేసవిలో దానిని కారు డిక్కీలో వదలిపెట్టిన, వేడికి త్వరగా ముసలిదగును. ఇంట చల్లని చోట నుంచి, ప్రయాణమునకు ముందు చార్జి చేసి వెంట కొనిపోవలెను.

సాకెట్టు నల్లనిది, మందపాటిది, ఇంపాక్టు కొరకు చేసినదే కొనవలెను. తళతళలాడు మామూలు సాకెట్టు గట్టిదే కాని పెళుసు. దెబ్బలకు పగిలి ముక్కలు కంటికి తగులవచ్చును. కంటి అద్దములు తప్పనిసరి. చప్పుడు కూడ చెవికి మంచిది కాదు.

ఇన్ని చెప్పిన పిమ్మట ముఖ్యమైన సంగతి ఒకటి మిగిలినది. ఈ యంత్రము విప్పుటకే. దానితో బిగించునపుడు ఎంత బిగిసినదో చేతికి తెలియదు. మీట మరి రెండు సెకండులు నొక్కినచో స్టడ్డు తన సాగు హద్దును దాటి శాశ్వతముగా సాగును. ఒకనాడు తెగును. బ్రేకు డిస్కు వంకరపోవుటయు కలదు. నా నాలుగవ నట్టు కథకు మూలమిదే. కావున నట్టులను మొదట చేతితో ఎక్కించి, ఒకదాని తరువాత దాని ఎదుటిదానిని బిగించుచు, చక్రము నేలకు దిగిన పిమ్మట టార్కు రెంచితో పుస్తకములోని అంకెకు తేవలెను. ఎనుబది, నూరు కిలోమీటర్లు తిరిగిన తరువాత మరల ఒకసారి అదే అంకెకు సరిచూడవలెను. నడుమ చిక్కిన రంగో, దుమ్మో అణగిపోయి బిగింపు కొంత సడలుట కలదు.