టెర్మినల్ పనికి అక్షర రూపం

ఆదేశాలను అక్షరాలుగా టైపు చేసి కంప్యూటర్ చేత పని చేయించుకునే తెరను టెర్మినల్ అంటారు. సర్వర్లను నిర్వహించేవారు, ప్రోగ్రామర్లు, గణన అవసరమైన పరిశోధకులు రోజులో ఎంతో సమయం దాని ముందే గడుపుతారు. అక్కడ ఒక విడతగా సాగిన పనికి సెషన్ అని పేరు. టైపు చేసిన ఆదేశాలను అందుకొని అమలు చేయించే ప్రోగ్రామును షెల్ అంటారు. అది ఆదేశాల జాబితాను సాధారణంగా దాచి ఉంచుతుంది గాని, వాటికి యంత్రం ఇచ్చిన జవాబులను దాచదు. అందువల్ల కిటికీ మూసిన తరువాత ఏం చేశారన్నది మిగిలినా, ఏం జరిగిందన్నది మిగలదు. సెషన్‌ను రికార్డు చేసే పనిముట్లు ఈ రెండవదాన్ని నిలబెడతాయి.

టెర్మినళ్ల తొలి రూపమైన టెలిటైప్ యంత్రాలకు ఈ ఇబ్బంది లేదు, ఎందుకంటే అవి ప్రతి అక్షరాన్నీ కాగితం మీదే అచ్చు వేసేవి, ఆ కాగితపు చుట్టే రికార్డు. 1978లో వచ్చిన వీటీ100 వంటి గాజుతెర టెర్మినళ్లు 80 నిలువు వరుసలు, 24 అడ్డు వరుసల గడులలో అక్షరాలను వెలిగించి, తెర నిండగానే పాతవాటిని పైకి నెట్టివేసేవి. దాదాపు అదే కాలంలో, కాలిఫోర్నియాలోని బర్క్లీ విశ్వవిద్యాలయం రూపొందించిన మూడవ బీఎస్‌డీ యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లో స్క్రిప్ట్ అనే చిన్న ప్రోగ్రాము చేరింది. అది సెషన్‌ను టైప్‌స్క్రిప్ట్ అనే ఫైలులోకి ఎక్కిస్తుంది. టైపు చేసిన కాగితం అన్న పాత అర్థం ఆ పేరులోనే నిలిచి ఉంది. ఇచ్చిన అభ్యాసాన్ని పూర్తిచేసినట్టు ముద్రిత రుజువు చూపవలసిన విద్యార్థులకు ఇది పనికివస్తుందని దాని మాన్యువల్ పేజీ ప్రత్యేకంగా చెబుతుంది. లినక్స్, మాక్ కంప్యూటర్లలో స్క్రిప్ట్ నేటికీ సిద్ధంగా దొరుకుతుంది.

దాని పనితీరు సులభంగానే బోధపడుతుంది. వాడుకరికీ షెల్‌కూ నడుమ రికార్డరు ఒక సూడో టెర్మినల్‌ను, అంటే నిజమైన టెర్మినల్‌లా ప్రవర్తించే మారు టెర్మినల్‌ను, ఏర్పరచి, అటునుంచి తెరకు వెళ్లే ప్రతి బైటునూ తెరకు పంపుతూనే ఒక ప్రతిని ఫైలులో రాసుకుంటుంది. ఆ బైట్లలో అక్షరాలతో పాటు తెరకు ఇచ్చే సూచనలు కూడా కలిసి ఉంటాయి. ఎస్కేప్ అనే 27వ సంకేతం, ఒక చదరపు కుండలీకరణం, 31 అనే సంఖ్య, ఎమ్ అనే అక్షరం వరుసగా వస్తే, ఆపైన రాసేదంతా ఎర్రరంగులో రాయమని అర్థం.

ఈ పద్ధతి వల్ల కలిగే ఒక పర్యవసానాన్ని ప్రతి వాడుకరీ గుర్తుంచుకోవాలి. ఆదేశం టైపు చేస్తూ ఒక రహస్య సంకేతాన్ని పొరపాటున అందులో రాసి, వెంటనే చెరిపివేశారనుకుంటే, తెర మీద అది మాయమవుతుంది. ఫైలులో మాత్రం ఆ సంకేతం మొత్తం ఉండి, దాని వెనుక కర్సరును వెనక్కి జరపమనే, ఆ గడిని ఖాళీ చేయమనే సూచనలు ఉంటాయి. తిరిగి ఆడించి చూసినప్పుడు అది క్షణకాలం మెరిసి పోతుంది. టెక్స్ట్ ఎడిటర్‌లో తెరిస్తే స్పష్టంగా చదవవచ్చు. పాస్‌వర్డ్ అడిగే చోట టైపు చేసినది మామూలుగా తెరపై కనిపించదు కనుక అది రికార్డులోకి ఎక్కదు గాని, ఆదేశంలో భాగంగా రాసిన పాస్‌వర్డుకు ఆ రక్షణ లేదు.

కాలాన్ని కూడా పట్టుకోవడం తరువాతి మెట్టు. జపాన్‌కు చెందిన సతోరు తకబయాషి రూపొందించిన టీటీవైరెక్, తెరకు వెళ్లే ప్రతి వచనపు ముక్కకు ముందు అది వెలువడిన సెకను, మైక్రోసెకను, దాని పొడవు చెప్పే 12 బైట్ల శీర్షికను చేర్చింది. నెట్‌హాక్ అనే అక్షరాల ఆటను ఆడేవారు తమ ఆటలను దీనితోనే భద్రపరచి పరస్పరం చూపుకున్నారు. ఇప్పుడు ఎక్కువగా వినిపించే పేరు పోలండ్‌కు చెందిన మార్చిన్ కులిక్ 2010ల ఆరంభంలో ప్రారంభించిన ఆస్కినెమా. దాని ఫైలులో మొదటి పంక్తి తెర కొలతలను చెబితే, తరువాతి ప్రతి పంక్తీ ఒక కాలసూచికను, అది తెరకు వెళ్లిన వచనమని తెలిపే గుర్తును, ఆ వచనాన్ని వరుసగా ఇస్తుంది. వెబ్ పేజీలో ఆడుతున్న రికార్డింగును నేర్చుకునేవారు మధ్యలో ఆపి, అందులోని ఆదేశాన్ని కాపీ చేసి తమ టెర్మినల్‌లో అతికించుకోవచ్చు. వీడియో పాఠంలో ఈ సౌకర్యం లేదు. అక్కడ మసక అక్షరాలను చూసి మళ్లీ టైపు చేసుకోవలసిందే. పైగా అక్షరాలు మాత్రమే ఉన్న ఫైలు వీడియో కంటే ఎంతో చిన్నది కనుక, మొబైల్ డేటాను పొదుపుగా వాడే విద్యార్థికి ఇదే మేలైన దారి.

జరుగుతున్న సెషన్‌ను అప్పటికప్పుడే పంచుకునేందుకు 1987 నాటి జీఎన్‌యూ స్క్రీన్, 2007లో మొదలైన టీమక్స్ ఉన్నాయి. వాటితో ఇద్దరు ఒకే సెషన్‌లో చేరి ఒకే తెరను చూస్తూ టైపు చేయగలరు. సంస్థలు తనిఖీ కోసం, నిర్వాహక అధికారంతో ఆదేశాలను నడిపించే సుడో వంటి సాధనాల ద్వారా నిర్వాహకుల సెషన్లను రికార్డు చేసే పద్ధతి కూడా ఉంది. అక్కడ రికార్డు జరుగుతున్న సంగతిని పనిచేసేవారికి ముందుగా తెలపడం న్యాయం.

తెలుగువారికి ఇందులో ప్రత్యేకమైన విషయం ఒకటి ఉంది. ఒక్కో గడిలో ఒక్కో గుర్తును ఉంచే టెర్మినల్ అమరిక ఇంగ్లీషు అక్షరాలకు సరిపోతుంది గాని, గుణింతాలు, వత్తులు కలిసి ఒక్క అక్షరమయ్యే తెలుగు లిపికి ఇరుకవుతుంది. ‘నమస్తే’లో పలికే అక్షరాలు 3, యూనికోడ్ సంకేతాలు 6, యూటీఎఫ్-8 పద్ధతిలో బైట్లు 18. చాలా టెర్మినళ్లలో ఈ మాట వత్తు విడిపోయి, ఏత్వం పక్కకు జరిగి కనిపిస్తుంది. వీడియో తీస్తే ఆ విరిగిన రూపమే శాశ్వతమవుతుంది. టెర్మినల్ రికార్డింగులో లోపం తెరకే పరిమితమై, ఫైలులో 18 బైట్లూ యథాతథంగా ఉంటాయి. అదే మాటను తెలుగును సరిగా చూపగల ఎడిటర్‌లోకి తెచ్చుకుంటే నిండుగా కనిపిస్తుంది. కంప్యూటర్ పాఠాలను తెలుగు వివరణలతో తయారుచేసే ఉపాధ్యాయులు ఈ పనిముట్లను తప్పక చేపట్టాలి. పంచే ముందు ప్రతి ఫైలునూ ఎడిటర్‌లో ఒకసారి తెరిచి, చెరిపామనుకున్నది ఏదైనా అందులో మిగిలిందేమో చూసుకోవాలి.