చిలుకలగుట్ట ఎవరూ ఎక్కరు

మేడారం జాతరంటే మా గోదావరిఖని సగం ఖాళీ అవుతుంది. గద్దెల దగ్గర బెల్లం బంగారం సమర్పించాక అందరూ తిరుగుముఖం పడతారు. నేను మాత్రం చిలుకలగుట్ట వైపు చూస్తూ నిలబడిపోతాను. సమ్మక్క కొలువున్న గుట్ట అది. జాతర రెండో రోజు కోయ పూజారులు మాత్రమే పైకి వెళ్లి, కుంకుమభరిణె రూపంలో తల్లిని తీసుకొస్తారు. పోలీసులు గాల్లోకి తుపాకులు పేల్చి వందనం చేస్తారు. మిగతావాళ్లకు పైకి దారి లేదు.

బొగ్గు బాయిలో పనిచేసినవాణ్ని. పైకప్పు రాయిని సబ్బలుతో తట్టి మోత వినేవాణ్ని. గట్టి రాయి ఖంగుమంటుంది, వదులైంది డొల్లగా పలుకుతుంది. అలాంటి నాకూ ఈ గుట్ట రాయి మీద చెయ్యి వెయ్యాలనిపించదు.

ఆస్ట్రేలియా ఎడారిలో 348 మీటర్ల ఎత్తున్న ఉలురు శిల అక్కడి అనంగు ఆదివాసులకు ఇంతే పవిత్రం. 1985లో ప్రభుత్వం ఆ భూమిని వాళ్లకు తిరిగి అప్పగించి, నేషనల్ పార్కు కోసం లీజుకు తీసుకుంది. ఎక్కొద్దని వాళ్లు ఏళ్ల తరబడి వేడుకున్నా, పర్యాటకులు గొలుసు పట్టుకుని ఎక్కుతూనే వచ్చారు. చివరికి 2019 అక్టోబరు 26న నిషేధం అమల్లోకొచ్చింది. ఇప్పుడు శిల చుట్టూ పది కిలోమీటర్ల పైచిలుకు బాటలో నడిచి చూడాల్సిందే. ఎందుకు ఎక్కకూడదో అనంగులే సందర్శకులకు చెబుతారు. మేడారంలోనూ ఆ మాట కోయ పెద్దల నోటనే మన పిల్లలు వినే ఏర్పాటు ఉండాలి.